ఎడమ భుజానికి ఒక తుపాకి

ఆవిడ అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ అక్కరలేదు. అందరికీ ఫ్రేములమ్మే. పెళ్ళి ఫొటోకి అద్దం పగిలినా, పిల్లాడి సర్టిఫికెట్ గోడకెక్కాలన్నా "ఫ్రేములమ్మ దగ్గర పడెయ్యండి, ఆవిడ చూసుకుంటుంది" అంటారు. ఆవిడ చూసుకుంటుంది కూడా.

దుకాణం ఇరుకు. వెలుతురు ముందువైపు నుంచి మాత్రమే వస్తుంది. ఒక గోడ పొడుగునా చెక్క పట్టీలు నిలబెట్టి ఉంటాయి. రెండో గోడకి ఆనించిన అరల్లో గాజు పలకలు, ఒకదానికొకటి తగలకుండా మధ్యలో కాగితాలతో. బల్ల మీద పాత దుప్పటి పరిచి ఉంటుంది. సాయంత్రం దుకాణం కట్టేసే ముందు పాత పేపర్లు తడిపి, ముక్కలు చేసి నేల మీద చల్లి, అప్పుడు ఊడుస్తుంది. కంటికి కనపడని గాజు నలుసులు ఆ తడి కాగితాలకి అంటుకుని వచ్చేస్తాయి. పదహారేళ్ళ వయసులో ఆ దుకాణంలోకి ఊడవడానికే వచ్చింది. ఊడుస్తూ కోత నేర్చుకుంది, కోస్తూ బేరం నేర్చుకుంది. పాత యజమాని కాళ్ళు లాగుతున్నాయని ఇంటిపట్టున ఉండిపోయాక, తాళాలు ఆవిడ చేతికే వచ్చాయి.

చెక్క పట్టీలు అమ్మేవాళ్ళకి ఆవిడంటే హడల్. ఒక్కో పట్టీనీ తీసి, ఒక కొస చెంపకి ఆనించి, ఒక కన్ను మూసి, రెండో కొస దాకా చూపు సారిస్తుంది. వెంట్రుకవాసి వంకర ఉన్నా పక్కన పెట్టేస్తుంది. "అమ్మా, చూపుతోనే చెక్కని చీల్చేసేలా ఉన్నారు" అని వాళ్ళు మొత్తుకున్నా వినదు.

ఆవిడకి ఒక్కడే అన్నయ్య. రెండు వీధుల అవతల గ్యారేజీలో మెకానిక్. ముక్కు మీదే కోపం, మూతి మీదే నవ్వు, ఏది ముందు వస్తుందో ఆయనకే తెలీదు. సెలవు వస్తే చాలు, ఊరి బయట పాత రాతి క్వారీలో ఉన్న షూటింగ్ క్లబ్బులో తేలతాడు. అక్కడ మనుషుల్నీ కొట్టరు, పిట్టల్నీ కొట్టరు. ఒక యంత్రం అరచేతి వెడల్పున్న మట్టి పళ్ళేల్ని గాల్లోకి విసురుతుంది. వాటిని షాట్‌గన్‌తో పగలగొట్టాలి. అంతే ఆట. ఆ క్లబ్బు జట్టుకి అన్నయ్యే కెప్టెన్.

అన్నయ్య కారులో నూనె కంపు భరించలేక వదిన ఒక సెలవురోజు తోడు రానని మొండికేసింది. ఆ ఖాళీ సీటులో చెల్లెలు కూర్చుంది. ఊరికే కూర్చుని చూస్తుందిలే అనుకున్నాడు అన్నయ్య. సాయంత్రానికి క్లబ్బు తుపాకి ఆవిడ చేతిలో ఉంది, ఆవిడ చెయ్యి అన్నయ్య చేతిలో లేదు.

మొదట్లో ఒక్కటీ తగల్లేదు. పళ్ళెం ప్రతిసారీ కుడివైపు నుంచి నింపాదిగా జారుకునేది. అన్నయ్య బుర్ర గోక్కుని, ఎదురుగా నిలబడి, "రెండు కళ్ళూ తెరిచి నా ముక్కుకేసి వేలు చూపించు" అన్నాడు. చూపించింది. ఆయన ఆ వేలు వెనకాల ఏ కన్ను ఉందో చూశాడు. ఎడమది.

"అదీ సంగతి. తుపాకి కుడి భుజాన ఉంది, పెత్తనం ఎడమ కంటిది. అందుకే గుళ్ళన్నీ ఎడమకి పోతున్నాయి. దీని నోరు మూయిద్దాం ఉండు" అని, ఆవిడ కళ్ళద్దాల ఎడమ గాజు మీద చిన్న టేపు ముక్క అతికించాడు. చూడ్డానికి దెబ్బ తగిలిన కోడిలా ఉన్నా, పళ్ళేలు మాత్రం పగలడం మొదలైంది. ఏడాది తిరిగేసరికి సగానికి పైగా పగులుతున్నాయి.

అదే సమయంలో జట్టులో ఒక పెద్దాయన వేరే ఊరికి మారిపోయాడు. పక్క ఊరి క్లబ్బుతో ఏటా జరిగే పోటీ దగ్గర పడుతోంది. ఆ ఖాళీలో ఎవరని కమిటీ అడిగిందో లేదో, అన్నయ్య బల్ల గుద్ది చెప్పేశాడు: "మా చెల్లెలు. పూచీ నాది." జట్టులో ఉండాలంటే సొంత తుపాకి ఉండాలన్నది అక్కడి నియమం. లైసెన్సు అప్పటికే వచ్చి ఉంది. ఇక కొనడమే మిగిలింది.

షాపుకి బయల్దేరబోతుంటే ఆవిడ భర్త, సిటీ బస్సు డ్రైవరు, చొక్కా గుండీలు పెట్టుకుంటూ నిట్టూర్చాడు.

"ఇంట్లోకి తుపాకి వస్తోందంటే, ఇక నేను గొంతెత్తి మాట్లాడేది లేదన్నమాట."

"ఇన్నాళ్ళూ ఎత్తారా ఏంటి?"

"ఎత్తుదామని అనుకునేవాణ్ణి. ఇక ఆ ఆశ కూడా పోయింది."

గేటు దగ్గర అన్నయ్య హారన్ మీద హారన్ కొడుతున్నాడు. ఆ తొందరలో ఆవిడ దుకాణంలో పెట్టుకునే కళ్ళద్దాలతోనే కారెక్కేసింది. టేపు అతికించినవి ఇంట్లోనే ఉండిపోయాయి.

తుపాకుల షాపాయన సన్నగా, నిదానంగా ఉంటాడు. మాట కూడా తూకం వేసినట్టు వస్తుంది. ప్రతి తుపాకినీ మధ్యలో మడత విప్పినట్టు విరిచి, గొట్టాలు ఖాళీ అని చూపించి, అప్పుడే చేతికిస్తాడు. వెనక్కి తీసుకోగానే వేలిముద్రలు గుడ్డతో తుడిచేస్తాడు. ముందుగా ఒక తేలికపాటిది తీశాడు.

"ఆడవాళ్ళు ఎక్కువగా ఇది ఇష్టపడతారమ్మా. బరువుండదు."

ఎత్తి చూసింది. నిజంగానే గొడుగంత తేలిగ్గా ఉంది. మొహం విప్పారింది.

"పెట్టెయ్, పెట్టెయ్" అన్నాడు అన్నయ్య. "షాపులో తేలికే. అక్కడ పాతిక సార్లు కాల్చాక చూడు, ఒక్కో తూటాకి గాడిదలా తన్నుతుంది. పైగా తేలిక తుపాకి పళ్ళెం వెంట తిరుగుతూ తిరుగుతూ మధ్యలో ఆగిపోతుంది. బరువుంటేనే ఊపు." షాపాయన వైపు తిరిగి, "నేను పక్కన పెట్టి ఉంచమన్నది తియ్యండి" అన్నాడు.

అది అన్నయ్య తుపాకికి అచ్చు కవల. పైన ఒక గొట్టం, కింద ఒక గొట్టం, చెక్క మీద అలలు అలలుగా గీతలు. "రేపు నాది పాడైతే నీది, నీది పాడైతే నాది. ఒకే తూటాలు, ఒకే సంచీ" అంటూ తనకే కొంటున్నంత సంబరపడిపోయాడు.

"కళ్ళు మూసుకుని భుజానికి తెచ్చుకోండమ్మా. కుదురుగా అనిపించాక కళ్ళు తెరవండి" అన్నాడు షాపాయన.

అలాగే చేసింది. కళ్ళు తెరిచేసరికి గొట్టం పక్కభాగం కనిపించింది. గురి చూసుకోవడానికి కొసనుండే తెల్లపూస ఎక్కడో, ఎదుటి గోడ మీది గడియారం ఎక్కడో.

"టేపు లేదుగా, అందుకే. ఎడమ కన్ను మూసుకో" అన్నాడు అన్నయ్య.

మూసుకుంది. పూస గడియారం కిందకి వచ్చి కూర్చుంది. "చూశారా, కొలిచి చేసినట్టుంది!" అని అన్నయ్య షాపాయనతో తూటాల సంగతిలోకి దిగాడు. ఇద్దరికీ ఏదో పట్టింపు వచ్చింది, మాట మీద మాట పెరిగింది. చేతిలో తుపాకితో ఆవిడ ఒక్కతే మిగిలింది.

చేతిలో పొడుగాటి వస్తువు ఉంటే ఆవిడ ఊరుకోలేదు. గొట్టాలు తిన్నగా ఉన్నాయో లేదో చూద్దామని, దుకాణంలో చెక్క పట్టీని చూసినట్టే, ఒక కొస చెంపకి ఆనించి చూపు సారించింది. అప్పుడు గమనించింది. తుపాకి ఎడమ చెంప దగ్గర ఉంది. ఇన్నేళ్ళూ ఎన్ని వేల పట్టీలు చూసిందో, అన్నీ ఎడమ కంటితోనే చూసింది. మెల్లగా తుపాకి చెక్కని ఎడమ భుజంలోకి దింపుకుంది. రెండు కళ్ళూ తెరిచింది. గడియారం మొత్తం కనిపిస్తోంది, గోడ మొత్తం కనిపిస్తోంది, పూస వాటి నడుమ కదలకుండా ఉంది. దేన్నీ మూయనక్కర్లేదు.

కాకపోతే చెక్క చెంపని నొక్కేస్తోంది. కుడిచేతి వాళ్ళ మొహానికి చోటివ్వడానికి చెక్కని ఒకవైపు రవ్వంత వంచి చేస్తారు. ఆ వంపు ఇప్పుడు ఆవిడ మొహం మీదికే వచ్చింది.

"ఏవండీ, ఇది అటు వంగింది. ఇటు వంగినది ఉండదా?"

మాటలు ఆగిపోయాయి. షాపాయన అన్నయ్య వైపు ఒకసారి, ఆవిడ వైపు ఒకసారి చూశాడు. "ఒకటుంది" అని లోపలికెళ్ళి గుడ్డలో చుట్టిన తుపాకి తెచ్చాడు. ఎవరో ఎడమచేతివాటం ఆయన చెప్పి చేయించుకుని, తీసుకెళ్ళడానికి రానేలేదట. చెక్క మీద గీతల్లేవు, చెక్కడాల్లేవు, మొద్దుగా ఉంది. ఎడమ భుజానికి తెచ్చుకుని కళ్ళు తెరిచింది. పూస గడియారం కింద ఉంది. చెంప హాయిగా ఆనింది.

"ఆటలొద్దు, కింద పెట్టు" అన్నాడు అన్నయ్య.

"ఆటలు కావన్నయ్యా. ఇదే నాది."

"పిచ్చా నీకు? పోటీ నెత్తి మీదుంది! ఎడమ భుజమంటే మళ్ళీ అఆలు దిద్దుకోవడమే. కాళ్ళు మార్చాలి, చేతులు మార్చాలి, ఊపు మార్చాలి. ఏడాది నేర్చుకున్నదంతా గంగపాలు."

"ఏడాదేగా."

"ఏడాదేగా అట! కమిటీలో నేనిచ్చిన మాటేం కావాలి?"

"నీ మాట నిలబడాలంటే నా కన్ను మూసుకోవాలా?"

అన్నయ్య షాపాయన వంక తిరిగి, "మీరైనా చెప్పండి సార్" అన్నాడు.

"నేను రెండూ అమ్ముతాను సార్. మీ అన్నాచెల్లెళ్ళ మధ్యకి నన్ను లాగకండి" అన్నాడు షాపాయన, గుడ్డతో తుడుస్తూ. గుడ్డ మడిచి పెట్టి, "ఆదివారం నేనెలాగూ క్లబ్బుకి వస్తాను. రెండూ పట్టుకొస్తాను. కాల్చి చూసి అప్పుడు చెప్పండి" అన్నాడు.

ఆదివారం క్వారీలో గాలి ఒక మోస్తరుగా ఉంది. యంత్రం మీట దగ్గర మందులావిడ కూర్చుంది. ఆవిడ మందుల షాపు నడుపుతుంది, ఫ్రేములమ్మకి క్లబ్బులో దగ్గరి నేస్తం, జట్టులో ఎవరైనా రాకపోతే పిలిచే మనిషి. విషయం అప్పటికే అందరికీ పాకింది. ఎప్పుడూ టీ బల్ల దగ్గరే ఉండేవాళ్ళు కూడా గట్టు దగ్గరికొచ్చి నిలబడ్డారు.

ముందు అన్నయ్య ఏరిన తుపాకి. టేపు కళ్ళద్దాలు పెట్టుకుని నిలబడి, మీట లాగమని "పుల్!" అంది. పళ్ళెం లేచింది, పగిలింది. మరొకటి, అదీ పొడైపోయింది. ఎడమవైపు నుంచి వచ్చేవి కొన్ని తప్పాయి గానీ, ఆవిడ అంతకు ముందెప్పుడూ అన్ని పగలగొట్టలేదు. అన్నయ్య మొహం వెలిగిపోయింది. "ఏమన్నాను? ఏమన్నాను?" అని అడగనివాళ్ళకి కూడా చెప్పాడు.

ఆవిడ టేపు అద్దాలు తీసి జేబులో పెట్టుకుని మామూలువి పెట్టుకుంది. రెండో తుపాకి అందుకుంది.

మొదటి పళ్ళెం లేచి, దూరాన గడ్డిలో క్షేమంగా దిగింది. రెండోదీ అంతే. తూటా పెడుతుంటే చేతులు ఒకదానికొకటి అడ్డం వచ్చాయి. ఒక తూటా జారి బూటు మీద పడింది. కాళ్ళు ఏది ముందో ఏది వెనకో తేల్చుకోలేక చిన్న నాట్యం చేశాయి.

"పళ్ళేలు దిగుమతి చేసుకుంటున్నావా, ఫ్రేములమ్మా?" అని గట్టు మీంచి ఎవరో అరిచారు.

"పగిలితే నేనే ఫ్రేము కట్టాలిగా, అందుకే వదిలేస్తున్నా" అంది తలతిప్పకుండా. గట్టంతా నవ్వింది. ఆవిడా నవ్వింది. అన్నయ్య నవ్వలేదు.

తప్పుతూనే ఉంది. కానీ తప్పినప్పుడల్లా ఒక వింత జరుగుతోంది. ఈ తప్పు చెయ్యి ఆగిపోయినందుకు, ఇది చెంప లేచినందుకు, ఇది తొందరపడినందుకు అని ఆవిడకి తెలిసిపోతోంది. అంతలో ఎడమవైపు నుంచి ఒకటి లేచింది. టేపు ఉన్నప్పుడు అలాంటిది సగం దూరం వచ్చాక గానీ కనపడేది కాదు. ఇప్పుడు యంత్రం అంచు దాటిన క్షణం నుంచే కనిపించింది, గుండ్రంగా, అంచు మీది నారింజ రంగుతో సహా. గొట్టం దాని వెంట వెళ్ళింది. పళ్ళెం నల్లటి పొగలా చెదిరిపోయింది.

ఆ తరవాత మళ్ళీ వరసగా తప్పాయి. మొత్తం మీద పగిలినవి చెప్పుకోదగ్గవి కావు. ఇక అనుమానమేముంది, తేలిపోయిందనుకుని గట్టు మీది జనం టీ బల్ల వైపు మళ్ళారు.

ఆవిడ తుపాకి విరిచి, ఖాళీ గొట్టాలు చూపించి, షాపాయన చేతికిచ్చింది.

"ఇదే నాకు కట్టండి."

"అమ్మా, ఇందాకటిది..."

"దాంతో పగిలినప్పుడు ఎందుకు పగిలిందో నాకు తెలీలేదండీ. దీంతో తప్పినప్పుడు ఎందుకు తప్పిందో తెలిసింది. తెలిసిన తప్పుని దిద్దుకోగలను."

అన్నయ్య తన సంచీ భుజానేసుకుని కారు దగ్గరికి నడిచాడు. ఆయన తలుపు మెల్లగా వేశాడు. విసిరి కొట్టి ఉంటే ఆవిడకి కాస్త తేలిగ్గా ఉండేది.

ఆవిడ మందులావిడ దగ్గరికెళ్ళి, "పోటీలో నా చోట నువ్వు నిలబడు" అంది.

"నేనా? జలుబు మాత్రలిచ్చినంత ధీమాగా తుపాకి కాల్చలేనే తల్లీ!"

"నాకిప్పుడు ఆ మాత్రమైనా రాదు. నిలబడు."

ఆ వారమంతా అన్నయ్య దుకాణం ఛాయలకి రాలేదు. రోజూ పదకొండింటికి వచ్చి, బల్ల కొసన కూర్చుని టీ తాగి, ప్రపంచాన్ని తిట్టి పోయే మనిషి. ఆవిడ పని ఆపలేదు, అన్నయ్య కోసం గుమ్మం వైపు చూడలేదని కూడా చెప్పలేం. ఇంట్లో బీరువా అద్దం ముందు ఖాళీ తుపాకి ఎడమ భుజానికి ఎత్తడం, దించడం. మోచెయ్యి తలుపుకి కొట్టుకునేది. "ఎడమచేత్తో కూడా ఇల్లు పీకి పందిరెయ్యగలవని తెలీదు సుమా" అనేవాడు భర్త మంచం మీంచి.

చివరికి ఆవిడే గ్యారేజీకి వెళ్ళింది. అన్నయ్య కారు కింద ఉన్నాడు. కాళ్ళు మాత్రమే బయట ఉన్నాయి. ఆవిడ ఆ కాళ్ళతోనే మాట్లాడింది.

"అన్నయ్యా, నేను."

"ఎవరో నాకు తెలీదు. నాకొక చెల్లెలుండేది, కుడిచేతి మనిషి."

"బతిమాలడానికి రాలేదు. ఈ ఆదివారం నుంచి ఎడమ మొదలుపెడుతున్నాను, ఒక్కదాన్నే. నీకు వేరేవాళ్ళ నోట తెలియకూడదని వచ్చాను."

కారు కింద రెంచీ చప్పుడు ఆగింది.

"ఒక్కదానివే నేర్చుకుంటే చెడ్డ అలవాట్లొస్తాయి" అన్నాయి కాళ్ళు.

"వస్తే వస్తాయి."

ఆయన జరుగుతూ బయటికొచ్చాడు. నుదుటి మీద నూనె మరక. కూర్చుని, చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు.

"కమిటీ సంగతి కాదే" అన్నాడు చివరికి. "వాళ్ళు నాలుగు మాటలంటారు, నేను ఎనిమిదంటాను. నాకు ఎడమ తెలీదు. నీ వెనకాల ఎక్కడ నిలబడాలో, నీ కాలు ఎక్కడ ఉండాలో, ఏమీ తెలీదు. నేను నేర్పలేని దాన్ని నువ్వు ఏరుకున్నావు."

ఆవిడ పక్కనున్న టైరు మీద కూర్చుంది. అన్నయ్య నోట తెలీదన్న మాట ఆవిడ వినడం అదే మొదలు.

"నాకూ తెలీదుగా. ఇద్దరం కలిసే తప్పుదాం."

"తప్పడానికి నేనెందుకు, నువ్వు చాలు" అన్నాడు. అప్పుడు నవ్వాడు.

ఆదివారం వచ్చాడు. చెల్లెలి కుడి భుజం వెనక నిలబడటం అలవాటు కాబట్టి అక్కడే నిలబడి, నాలుక్కరుచుకుని, చుట్టూ తిరిగి ఎడమవైపుకి వెళ్ళాడు. అదీ కుదరక, "ఏదీ, ఇలా ఇయ్యి" అని ఆ తుపాకి తన ఎడమ భుజాన పెట్టుకుని "పుల్!" అన్నాడు. కెప్టెన్ గారి పళ్ళెం గడ్డిలో క్షేమంగా దిగింది. మందులావిడ మీట వదిలేసి మరీ నవ్వింది. ఆయన సిగ్గుపడలేదు. మరో రెండు కాల్చి, రెండూ తప్పి, "ఆఁ, కుడి కాలు ముందుండాలి. బరువు దాని మీద ఉండాలి. పట్టుకో" అని తిరిగిచ్చాడు.

పోటీ రోజు మందులావిడ ఆ ఖాళీలో నిలబడింది. బాగానే కొట్టింది కూడా. అయినా క్లబ్బు కొద్దిలో ఓడిపోయింది. కుర్చీలు మడుస్తుంటే కమిటీ పెద్దాయన ఒకరు అన్నయ్య వినేలా అన్నాడు: "మీ చెల్లెలు ఆ టేపుతో ఉన్నా నెగ్గేవాళ్ళమయ్యా. ఉన్నదాన్ని ఊడగొట్టుకుంది. పూచీ నీదన్నావు."

ఆవిడ అక్కడికి దగ్గర్లోనే తన తుపాకిని తుడుస్తోంది. తల ఎత్తలేదు గానీ చెయ్యి ఆగింది.

"అవును, నెగ్గేవాళ్ళం" అన్నాడు అన్నయ్య. "ఈసారికి నా మాట పోయింది, ఒప్పుకుంటున్నాను. వచ్చే ఏడు ఇదే జట్టులో ఉంటుంది. ఎడమ నుంచి. అప్పుడూ పూచీ నాదే, రాసుకోండి."

పెద్దాయన భుజాలెగరేసి వెళ్ళిపోయాడు. ఆవిడ గుడ్డ పక్కన పెట్టింది.

"నన్నడక్కుండా మళ్ళీ మాటిచ్చేశావా?"

"ఇచ్చేశాను. ఏం, నిలబెట్టలేవా?"

మైదానంలో ఇంకా వెలుతురుంది. యంత్రంలో పళ్ళేలు మిగిలే ఉన్నాయి. ఆవిడ రెండు తూటాలు జేబులో వేసుకుని లేచింది.

"మీట దగ్గర కూర్చో" అంది.